ఒక్క ఫోటో, పేరు లేని స్టేషన్: చిన్న చిన్న ఆనవాళ్ళతో రైల్వే స్టేషన్‌ని కనిపెట్టడం ఎలా?

ఈరోజు ఎపిసోడ్ ఒక ఫోటోతో మొదలుపెడదాం.

స్క్రీన్ మీద చూడండి. రాత్రి తీసిన ఫోటో. కాస్త షేక్ అయింది. ఎడమవైపు సిమెంటు బెంచీ చివర. దాని పక్కన ఒక కుళాయి. వెనకాల పట్టాలు, కంకర. ఒక కరెంటు స్తంభం సగం కనిపిస్తోంది. దూరంగా చీకట్లో నాలుగైదు ఎర్రటి చుక్కలు. అంతే. బోర్డు లేదు, రైలు లేదు, మనిషి లేడు.

ఇది ఏ స్టేషన్?

"బ్రో, కుళాయి చూసి స్టేషన్ చెప్పమంటే ఎలా?" అంటారు. నేనూ అదే అనుకున్నాను. కాకపోతే ఆ రాత్రి నాకు వేరే దారి లేదు. ఆ ఫోటో తీసింది మా తాత. ఆయన ఎక్కడున్నాడో ఆయనకే తెలీదు.

ఆ రాత్రి ఏం జరిగిందంటే

నేను బీటెక్ అయిపోయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న రోజులు. మా తాతది అనంతపురం వైపు. మంత్రాలయం వెళ్ళి రాఘవేంద్రస్వామి దర్శనం చేసుకుంటానని ఒక్కడే బయల్దేరాడు. రిజర్వేషన్ చేసిన రైలు తప్పిపోయింది. మాకెవరికీ చెప్పకుండా, తర్వాత వచ్చిన ఏదో రైల్లో జనరల్ బోగీ ఎక్కేశాడు. దిగాల్సింది మంత్రాలయం రోడ్ స్టేషన్లో.

రాత్రి రెండు దాటాక నాకు ఫోన్. "రే అబ్బీ, నేను ఏడ్నో దిగిపోయినా. నిద్ర పట్టేసింది. మెలకువ వస్తానే పెద్ద ఏరు కనపడె, తుంగభద్ర అనుకొని దిగేస్తి. ఇది చూస్తే మంత్రాలయం మాదిరి లేదు."

"బోర్డు చదువు తాతా" అన్నాను. కండ్లద్దాలు సంచిలో ఉన్నాయి. సంచి రైల్లోనే వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫాం చివర దిగాడు, మోకాళ్ళ నొప్పితో అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు. "మనుషులెవరన్నా ఉన్నారా?" అంటే, "ఇద్దరు తెలుగులో మాట్లాడుకుంటా పోయినారు, పిలిస్తే పలకలేదు" అన్నాడు. ఫోన్లో ఛార్జింగ్ అయిపోవచ్చింది. "ఎదురుగా ఏముందో ఒక్క ఫోటో తీసి పంపు" అన్నాను. ఫోటో వచ్చింది. ఫోన్ స్విచాఫ్.

రన్నింగ్ స్టేటస్ చూడొచ్చుగా అంటారేమో. ఏ రైలు ఎక్కాడో తెలిస్తే కదా! లొకేషన్ అడుగుదామంటే ఫోన్ ఆగిపోయింది. గూగుల్‌లో ఇమేజ్ సెర్చ్ చేస్తే ప్రపంచంలోని కుళాయిలన్నీ చూపించింది.

ఆ రాత్రి నేను ఒక పెద్ద తప్పు చేశాను. అది ఏంటో మీకు అర్థం కావాలంటే ముందు ఈ గేమ్ ఎలా ఆడాలో చెప్పాలి.

మూడు డబ్బాలు

జియోగెస్సర్ అనే గేమ్ మీలో చాలామందికి తెలుసు. 2013లో వచ్చింది. ఒక వీధి చూపిస్తారు, అది ప్రపంచంలో ఎక్కడో మనం చెప్పాలి. మన రైల్వే స్టేషన్లతో అదే ఆట ఇంకా కష్టం, ఎందుకంటే చాలా వస్తువులు దేశమంతా ఒకేలా ఉంటాయి. అందుకే ఫోటోలో కనిపించే ప్రతిదాన్నీ మూడు డబ్బాల్లో వేసుకోవాలి.

ఒకటో డబ్బా: కదిలేవి. రైలు, బోగీ, ఇంజను, వాటర్ బాటిల్, బిస్కెట్ కవరు, మనుషులు, వాళ్ళు మాట్లాడే భాష. ఇంజను మీద కాజీపేట షెడ్ పేరుందని అది కాజీపేట స్టేషన్ అయిపోదు. ఆ ఇంజను ఈరోజు ఢిల్లీలో ఉండొచ్చు. బోగీ మీద దక్షిణ మధ్య రైల్వే అని ఉంటే, ఆ బోగీ ఏ జోన్‌దో తెలుస్తుంది, ఎక్కడ నిలబడిందో తెలీదు.

రెండో డబ్బా: అన్నిచోట్లా ఒకేలా ఉండేవి. సిమెంటు బెంచీ, కుళాయి, పసుపు గీత, ఇనుప చెత్తడబ్బా. వీటి వల్ల "ఇది ఇండియాలో స్టేషన్" అని తెలుస్తుంది. అంతకుమించి ఏం తెలీదు.

మూడో డబ్బా: అక్కడే ఉండేవి. కొండ, నది, ఫ్యాక్టరీ చిమ్నీ, స్తంభం మీద నంబరు, బోర్డు మీద లిపి, ఎత్తు, మట్టి. ఇవి రైలెక్కి పోవు. మన ఆట అంతా ఈ డబ్బాలోనే.

ఇప్పుడు మూడో డబ్బాలో ఏముంటాయో ఒక్కొక్కటి చూద్దాం.

బోర్డు ముక్క దొరికినా చాలు

మన స్టేషన్ పేరు బోర్డు పసుపు రంగు మీద నల్ల అక్షరాలు. స్థానిక భాష, హిందీ, ఇంగ్లీషు. హైదరాబాద్ వైపు కొన్నిచోట్ల ఉర్దూ కూడా ఉంటుంది. గుజరాత్, మహారాష్ట్ర సరిహద్దు మీద నవాపూర్ అనే స్టేషన్ ఉంది. స్టేషన్ సగం ఒక రాష్ట్రంలో, సగం ఇంకో రాష్ట్రంలో. అక్కడ మరాఠీ, గుజరాతీ రెండూ కనిపిస్తాయి.

బోర్డులో పేరు కనిపించక్కర్లేదు, ఒక అక్షరం పైభాగం కనిపించినా చాలు. తెలుగు, కన్నడ చూడ్డానికి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి కదా. తేడా తలకట్టులో ఉంది. మన తలకట్టు టిక్ మార్కులా ఉంటుంది. కన్నడది అడ్డగీతలా పడుకుని ఉంటుంది. ఒడియా అక్షరాలకి పైన గొడుగు పట్టినట్టు గుండ్రటి వంపు ఉంటుంది. పేరు చదవలేకపోయినా రాష్ట్రం దొరికేస్తుంది.

బోర్డు అడుగున చిన్న అక్షరాల్లో సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో రాసి ఉంటుంది. "డ్రైవర్ అది చూసి స్పీడ్ అడ్జస్ట్ చేసుకుంటాడు" అని షార్ట్స్‌లో చెప్తుంటారు. లోకో పైలట్‌కి ఎక్కుడు, దిగుడు చెప్పడానికి పట్టాల పక్కన వేరే గుర్తులు ఉంటాయి, వాటిని గ్రేడియంట్ పోస్టులంటారు. బోర్డు మీద ఎత్తు మనలాంటి వాళ్ళకి మాత్రం బంగారం. సముద్రం పక్కనున్న విశాఖలో అది పది మీటర్లు కూడా దాటదు. హైదరాబాద్ చుట్టుపక్కల 500 మీటర్లకి అటూ ఇటూ. బెంగళూరు సిటీ స్టేషన్లో దాదాపు 897. అరకు దారిలో శిమిలిగుడ అనే స్టేషన్లో 996. అంటే తెలుగు లిపి, దాని కింద 900 దాటిన అంకె కనిపిస్తే, మీరు ఇంక విజయవాడ చుట్టూ వెతకక్కర్లేదు. సీదా అరకు వెళ్ళిపోవచ్చు.

స్టేషన్ కోడ్‌లో పాత పేరు

కొన్నిసార్లు బోర్డు ఉండదు కానీ ఫైర్ బకెట్ మీదో, సామాను బండి మీదో స్టేషన్ కోడ్ పెయింట్‌తో రాసి ఉంటుంది. ఇవి కదిలే వస్తువులే, కానీ సాధారణంగా ఆ స్టేషన్ దాటి పోవు. ఇక్కడొక తిరకాసు ఉంది. కోడ్‌కి, ఇప్పటి పేరుకి పొంతన ఉండకపోవచ్చు. విజయవాడ కోడ్ బీ జెడ్ ఏ. ఎందుకు? పాత పేరు బెజవాడ. కాకినాడ టౌన్ కోడ్ సీ సీ టీ, ఎందుకంటే ఇంగ్లీషు వాళ్ళు కాకినాడని కోకనాడ అని రాసేవారు. చెన్నై సెంట్రల్ ఇప్పటికీ ఎమ్ ఏ ఎస్, అంటే మద్రాస్. ఊరి పేరు మారుతుంది, కోడ్ చాలాసార్లు మారదు. అలాగని రూల్ అనుకోకండి. అలహాబాద్ ప్రయాగ్‌రాజ్ అయినప్పుడు కోడ్ కూడా మారింది.

స్తంభం మీద నంబరు

కరెంటు లైన్ ఉన్న దారిలో ప్రతి స్తంభానికీ ఒక నంబరు ప్లేటు ఉంటుంది. పైన ఒక అంకె, కింద ఒక అంకె. పైది కిలోమీటరు, కిందది ఆ కిలోమీటరులో ఎన్నో స్తంభం అని. డబుల్ లైన్ అయితే ఒకవైపు సరి అంకెలు, ఇంకోవైపు బేసి అంకెలు వేస్తారు. కిలోమీటర్ లెక్క ఏదో ఒక పెద్ద స్టేషన్ దగ్గర మొదలవుతుంది. అది ఎక్కడ మొదలైందో తెలిస్తే, మీ చేతిలో ఉన్నది దాదాపు అడ్రస్. పిన్‌కోడ్ కన్నా ఖచ్చితం!

కంకర, మట్టి

పట్టాల కింద కంకర దగ్గర్లోని క్వారీ నుంచే వస్తుంది సాధారణంగా. తెలంగాణ, రాయలసీమల్లో ఎక్కువగా గ్రానైట్, కాస్త లేత బూడిద రంగు. షోలాపూర్, పుణె వైపు వెళ్తే నల్లటి బసాల్ట్ రాయి. ప్లాట్‌ఫాం అవతల మట్టి ఎర్రదా, నల్లరేగడా చూడండి. ఆదోని చుట్టుపక్కల నల్లరేగడి, పత్తి చేలు. ఒక్క మట్టి చూసి స్టేషన్ చెప్పలేం. కానీ అప్పటికే మన దగ్గర ఐదు పేర్లుంటే, అందులో రెండు కొట్టేయొచ్చు.

ఫోటో ఎప్పటిది?

ఇది చాలామంది మర్చిపోయే ప్రశ్న. స్టేషన్ బయట పార్కింగ్‌లో బండి నంబర్ టీజీ అని ఉంటే, ఆ ఫోటో 2024 మార్చి తర్వాతది, ఎందుకంటే తెలంగాణలో టీఎస్ పోయి టీజీ వచ్చింది అప్పుడే. కానీ టీఎస్ ఉంటే పాత ఫోటో అనలేం. పాత బండ్లు ఇంకా తిరుగుతున్నాయి కదా. ఒక ఆనవాలు ఒకవైపు మాత్రమే రుజువు చేస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి, స్టేషన్లే మారిపోతున్నాయి. అమృత్ భారత్ పథకం కింద 2023 ఆగస్టు 6న ఒకేరోజు 508 స్టేషన్ల పనులకి శంకుస్థాపన జరిగింది. 2025 మేలో 103 స్టేషన్లు ఓపెన్ చేశారు, వాటిలో మన బేగంపేట, వరంగల్, కరీంనగర్, సూళ్ళూరుపేట ఉన్నాయి. సికింద్రాబాద్ పాత బిల్డింగ్‌ని 2025లో పడగొట్టారు. సోషల్ మీడియాలో "సికింద్రాబాద్‌లో ఇప్పుడే జరిగింది" అని వీడియో తిరుగుతుంటే, వెనకాల ఆ పాత బిల్డింగ్ కనిపిస్తే, అది "ఇప్పుడే" కాదని రెండు సెకన్లలో తెలిసిపోతుంది. ఫార్వర్డ్ చేసేముందు ఈ ఒక్క పని చేస్తే సగం ఫేక్ వీడియోలు మన ఫోన్ దగ్గరే ఆగిపోతాయి.

ఇప్పుడు నా తప్పు

సరే, మళ్ళీ ఆ రాత్రికి వెళ్దాం. నా దగ్గర మూడు విషయాలు ఉన్నాయి. తాత పెద్ద ఏరు చూశానన్నాడు. చుట్టూ తెలుగు మాట్లాడుతున్నారన్నాడు. చేతిలో ఈ ఫోటో.

దారి ఎలా ఉంటుందో చూడండి. గుంతకల్లు నుంచి ఆదోని, కోసిగి, మంత్రాలయం రోడ్. ఇవన్నీ ఆంధ్రప్రదేశ్. తర్వాత తుంగభద్ర వంతెన. అది దాటితే కర్ణాటక, రాయచూరు.

నేనేం అనుకున్నానంటే: తెలుగు వినిపిస్తోంది, అంటే ఇంకా ఆంధ్రాలోనే ఉన్నాడు. మంత్రాలయం రోడ్ కన్నా ముందే, ఆదోని దగ్గరో కోసిగి దగ్గరో దిగిపోయాడు. మరి ఏరు? నిద్రమత్తులో ఏ కాలువో చూసి ఉంటాడులే. ఎర్ర చుక్కలు? సెల్ టవర్లు అయ్యుంటాయిలే.

ఆ రెండు "లే"లు చూశారా? నా కథకి సరిపడని రెండు సాక్ష్యాల్ని నేనే పక్కన పెట్టేశాను. పట్టుకున్న ఒక్క సాక్ష్యం ఏది? మనుషులు మాట్లాడిన భాష. ఒకటో డబ్బా. కదిలేది!

ఆదోనిలో ఉన్న మా చిన్నాయనకి ఫోన్ చేశాను. పాపం ఆయన అర్ధరాత్రి బండి వేసుకుని ముందు ఆదోని స్టేషన్, అక్కణ్ణుంచి కోసిగి వెళ్ళాడు. రెండు చోట్లా ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూశాడు. తాత లేడు. దాదాపు రెండు గంటలు పోయాయి. ఇంట్లో అమ్మ ఏడుపు. డెబ్భై దాటిన మనిషి, చూపు సరిగ్గా ఆనదు, ఫోన్ లేదు.

అప్పుడు ఆఫీసులో మా టీమ్ లీడ్ చెప్పే మాట గుర్తొచ్చింది: బగ్ దొరక్కపోతే, నువ్వు "ఇది పక్కా" అనుకున్న లైన్ దగ్గరే మళ్ళీ మొదలుపెట్టు అని. నేను పక్కా అనుకున్నది ఏది? "తెలుగు అంటే రాయచూరుకి ముందే." సరే, అది తప్పయితే?

ఫోటోని లాప్‌టాప్‌లో వేసి బ్రైట్‌నెస్ పెంచాను. స్తంభం మీద ప్లేటు సగమే ఉంది. మొదటి అంకె 6. మిగతావి ఫ్రేమ్ అవతల. ఈ దారికి ఒక చరిత్ర ఉంది. ముంబై నుంచి వచ్చిన లైను, మద్రాసు నుంచి వచ్చిన లైను 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ముంబై నుంచి లెక్కేస్తే రాయచూరు 700 కిలోమీటర్లు దాటుతుంది, ఆదోని ఇంకా ఎక్కువ. చెన్నై నుంచి లెక్కేస్తే ఆదోని 500 లోపే. ఎటు నుంచి లెక్కపెట్టినా ఆదోని, కోసిగిల దగ్గర 6తో మొదలయ్యే కిలోమీటరు రాదు. 6 రావాలంటే రాయచూరు దాటి ముంబై వైపు వెళ్ళాలి.

ఇప్పుడు ఎర్ర చుక్కలు. సెల్ టవర్‌కి మామూలుగా కొసన ఒక లైటు ఉంటుంది. ఫోటోలో చుక్కలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, అలాంటి వరసలు పక్కపక్కన. అవి పెద్ద చిమ్నీలు. విమానాలకి కనపడాలని వేర్వేరు ఎత్తుల్లో లైట్లు పెడతారు. రాయచూరు దాటాక చిమ్నీలు ఎక్కడున్నాయి? వాడిలో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. కానీ వాడి పెద్ద జంక్షన్, రాత్రి కూడా లైట్లతో వెలిగిపోతూ ఉంటుంది. ఫోటోలో అంతా చీకటి. ఇంకోటి, శక్తినగర్‌లో రాయచూరు థర్మల్ పవర్ స్టేషన్. అది కృష్ణా నది ఒడ్డున ఉంది.

కృష్ణా నది! తాత చూసిన పెద్ద ఏరు తుంగభద్ర కాదు. తుంగభద్ర ఎప్పుడో నిద్రలో దాటిపోయింది. వంతెన శబ్దానికి మెలకువ వచ్చి చూసింది కృష్ణని. ఆ వంతెన దాటగానే ఒక స్టేషన్ ఉంది. దాని పేరే కృష్ణ.

మరి తెలుగు? ఇక్కడే నా బుర్ర తిరిగిపోయింది. రాయచూరు కర్ణాటకే. కానీ నది దాటగానే రైలు కాసేపు తెలంగాణలోకి వస్తుంది. కృష్ణ స్టేషన్ నారాయణపేట జిల్లాలో ఉంది. ఆ తర్వాత మళ్ళీ కర్ణాటక. నేను మ్యాప్‌లో ఆ కొసని ఎప్పుడూ పట్టించుకోలేదు.

నది, భాష, చిమ్నీలు, 6. నాలుగూ ఒకే చోట కలిశాయి. "లే" అని దేన్నీ పక్కన పెట్టక్కర్లేదు. అప్పుడు 139కి ఫోన్ చేసి స్టేషన్ పేరు, ప్లాట్‌ఫాం చివర బెంచీ, పక్కన కుళాయి, పెద్దాయన తెల్ల పంచె అని చెప్పాం. కాసేపటికి అక్కడి స్టాఫ్ ఒకాయన తన ఫోన్ నుంచి మాట్లాడించారు. తాత ఆ బెంచీ మీదే ఉన్నాడు. మేము ఇంత కంగారుపడితే ఆయన ఫోన్లో మొదట అన్న మాట: "పోనీలేప్పా, కృష్ణమ్మను గూడా చూసినట్టాయె."

తెల్లారాక వెనక్కి వచ్చి మంత్రాలయం వెళ్ళి దర్శనం చేసుకునే ఇంటికి పోయాడు.

ఈ కథలోంచి పనికొచ్చేవి

మొదటిది, నాలా డిటెక్టివ్ పని మొదలుపెట్టకండి. ముందు 139కి ఫోన్ చేయండి. "ఏ దారి, ఏ టైముకి" అన్నంత చెప్పినా వాళ్ళు వెతకడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఆ తర్వాత ఫోటో తెరవండి. నేను ఆ పని చివర్లో చేశాను. తాతని ఆ రెండు గంటలు చలిలో కూర్చోబెట్టింది నేనే.

రెండోది, మన గెస్‌కి సరిపోయేవి కాదు, సరిపోనివి ముందు చూడండి. ఒక్కటి సరిపోకపోయినా గెస్ తప్పేమో అనుకోండి.

మూడోది, ఇంట్లో పెద్దవాళ్ళు ఒంటరిగా రైలెక్కితే, దిగాల్సిన స్టేషన్ పేరుతో పాటు దానికి ముందు స్టేషన్ పేరు, దాటిపోతే కనిపించే గుర్తు కూడా చెప్పండి. "పెద్ద వంతెన వస్తే దాటిపోయినట్టే తాతా" అని నేను ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. రాసిచ్చిన చీటీ సంచిలో కాదు, జేబులో ఉండాలి.

చివరిది మీ గురించి. సగం నంబరు, నాలుగు ఎర్ర చుక్కలతో నేను తాతని కనిపెట్టాను. అదే పని మీ స్టోరీ చూసే ముక్కూమొహం తెలియనివాడు కూడా చేయగలడు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఊరెళ్తూ ప్లాట్‌ఫాం మీద చాయ్ కప్పు ఫోటో పెడతారు. లొకేషన్ ట్యాగ్ చేయలేదు కాబట్టి సేఫ్ అనుకుంటారు. కప్పు వెనకాల స్తంభం ఉంది, స్తంభం మీద నంబరు ఉంది. నాలుగు వారాలు చూస్తే మీ టైము కూడా తెలిసిపోతుంది. ఫోటో పెట్టొద్దని కాదు. రైలు కదిలి, ఇల్లు చేరాక పెట్టండి.

ఈసారి మీ ఊరి స్టేషన్‌కి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. బోర్డు వైపు చూడకుండా, ఇది మీ ఊరే అని చెప్పే మూడు వస్తువులు వెతకండి. రైలెక్కి పోనివి మూడు. దొరికితే ఇంట్లో తాతకో నాయనమ్మకో చూపించి, ఇది ఎక్కడో చెప్పమనండి. నాకు తెలిసి మీకన్నా ముందు వాళ్ళే చెప్పేస్తారు.

ఉంటాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.